జర్మనీ బడిల ఇస్లాం పాఠం: చెప్పాల్సింది ఎవరు?

జర్మనీల రూర్ అని బొగ్గు గనుల ఇలాకా ఉన్నది. మన సింగరేణి లెక్క అనుకోండ్రి. ఆడ ఒక సర్కారు బడి. టైంటేబుల్ల మతం పీరియడు వస్తది. కేథలిక్ పిల్లలు ఒక రూముకు పోతరు. ప్రొటెస్టెంట్ పిల్లలు ఇంకో రూముకు పోతరు. మరి టర్కీ కుటుంబం పిల్ల ఏడికి పోవాలె?

ఏండ్లకేండ్లు ఈ ప్రశ్నకు జవాబు లేకుంటనే గడిచింది. సాయంత్రం అయినంక అదే పిల్ల మసీదుకు పోయి అరబ్బీ అక్షరాలు దిద్దుతది. ఆడ పాఠం చెప్పే పెద్దమనిషిని హోజా అంటరు. శానా చోట్ల ఆయనకు జర్మన్ రాదు. పొద్దున బడిల చెప్పే టీచరమ్మ, సాయంత్రం మసీదుల చెప్పే హోజా ఒకల మొకం ఒకలు చూసింది లేదు. ఆ పిల్ల బతుకు మాత్రం ఆ ఇద్దరి నడుమనే నడుస్తది.

"యూరప్‌కు పోయిన ముస్లింలు అక్కడి సమాజంల కలుస్తలేరు" అనే మాట మన టీవీలల్ల, వాట్సాప్ గ్రూపులల్ల కూడ మస్తు తిరుగుతుంటది. ఫార్వర్డ్ చేసేటోళ్లు ఒక్కసారి ఆగి ఒక ప్రశ్న అడగాలె. ఆ పిల్లకు మతం పాఠం చెప్పే పని ఎవరిది? ఎవరు చేసిన్రు? బడి చెప్పాల్సిన పాఠం బడి చెప్పలేదు. ఆ ఖాళీ జాగల వేరేటోళ్లు వచ్చి కూసున్నరు. ఇయ్యాల సరిచేసుకుందామంటె సర్కారుకూ కష్టమే, మసీదు కమిటీలకూ కష్టమే, అందరికంటె ఎక్కువ ఆ పిల్లకు కష్టం. ఇది ఎట్లయిందో మొదటికెళ్లి చెప్పుకుందాం.

రెండేండ్ల కోసమని తీస్కపోయి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీల ఫ్యాక్టరీలు జోరు మీద నడిచినయి. పని చేసే మనుషులు చాలలేదు. 1955ల ఇటలీతోని, 1960ల స్పెయిన్, గ్రీస్‌లతోని కార్మికులను పంపే ఒప్పందాలు చేసుకున్నరు. 1961 ఆగస్టుల బెర్లిన్ గోడ లేచింది. తూర్పు జర్మనీకెళ్లి వచ్చే కూలీలు ఆగిపోయిన్రు. అదే ఏడు అక్టోబర్ 30న టర్కీతోని ఒప్పందం అయింది. తర్వాత మొరాకో, ట్యునీషియా, యుగోస్లావియా కూడ వచ్చినయి.

ఇస్తాంబుల్ల జర్మనోళ్లు ఒక ఆఫీసు తెరిచిన్రు. పోదామని వచ్చినోళ్లను వరుసగ నిలబెట్టి నెత్తురు, మూత్రం, ఆఖరికి పండ్లు కూడ చూసిన్రు. సంతల ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూసినట్టే. పాసైనోళ్లను రైలెక్కించిన్రు. వాళ్లకు పెట్టిన పేరు "అతిథి కార్మికుడు". జర్మన్ల గాస్ట్‌అర్బైటర్ అంటరు. అతిథి అంటె అర్థమేంది? ఇయ్యాల కాకుంటె రేపు పోవాల్సినోడని. రెండేండ్లు పనిచేసి పోవాలె, పెండ్లాం పిల్లలను తెచ్చుకునుడు లేదు. కంపెనీ హాస్టళ్లల్ల ఒక్కో రూముల నలుగురైదుగురు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌కు పోయినోళ్లే గనుక మనకు ఈ కథ కొత్త కాదు. క్యాంపు, బంకు మంచం, వీసా గడువు, ఇంటికి పంపే పైసలు. తేడా ఒక్కటే. గల్ఫ్‌ల గడువు అయిపోంగనే పంపుతరు. జర్మనీల మాత్రం ముందుగాల యజమానులే అడ్డం తిరిగిన్రు. రెండేండ్లకోసారి కొత్తోనికి పని నేర్పుడు అంటె ఖర్చు గద! 1964ల రెండేండ్ల షరతును తీసేయించిన్రు. మానవత్వం కోసం కాదు, లాభం కోసం.

1973 ఆగస్టుల కొలోన్‌ల ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీల టర్కీ కార్మికులు సమ్మె చేసిన్రు. సెలవుకు ఊరికి పోయి ఆలస్యంగ వచ్చిన్రని మూడు వందల మంది దాక పనిల నుంచి తీసేసుడే దానికి నిప్పు పెట్టింది. యూనియన్ మద్దతు లేకుంటనే కొట్లాడిన్రు, పోలీసులు వచ్చి అణచిన్రు. అదే ఏడు నవంబర్ 23న బయటి దేశాలకెళ్లి కూలీలను తెచ్చుకునుడు బందు అని సర్కారు ప్రకటించింది.

ఇగ ఆడ ఉల్టా అయింది. ఒక్కసారి ఇంటికి పోతె మళ్ల రానియ్యరని భయపడి కార్మికులు ఆడనే ఆగిపోయిన్రు. భార్యాపిల్లలను పిలిపించుకున్నరు. మగోళ్ల హాస్టళ్లు ఖాళీ అయి కుటుంబాల వాడలు పుట్టినయి. సర్కారు మాత్రం "వీళ్లు ఎప్పటికైనా పోతరు" అనే లెక్కలనే ఉన్నది. 1983ల పోయేటోళ్లకు 10,500 మార్కులు ఇస్తమని చట్టం కూడ తెచ్చింది. కొందరు తీస్కొని పోయిన్రు, ఎక్కువ మంది పోలే.

పోతరనుకున్నోళ్ల పిల్లలకు బడిల ఏం నేర్పుతరు? జర్మన్ జర నేర్పాలె, తిరిగిపోయినంక పనికొస్తదని టర్కిష్ కూడ నేర్పాలె. కొన్ని రాష్ట్రాలల్ల టర్కిష్ చెప్పే టీచర్లను టర్కీ కాన్సులేటే పంపింది. ఆ టర్కిష్ పీరియడ్లనే అంతో ఇంతో మతం ముచ్చట కూడ చెప్పేది. బవేరియాల కొన్ని బడులల్ల ఈ పిల్లలకు వేరే క్లాసులే పెట్టిన్రు. అంటె ఒక పిల్ల జర్మనీల పుట్టి, జర్మనీల పెరిగి, ఎన్నడూ చూడని ఊరికి పోవుటానికి తయారైంది. పదేండ్ల వయసులనే పిల్లలను మూడు రకాల బడులకు విడగొట్టే పద్ధతి ఆడిది. కూలీల పిల్లలు ఎక్కువగ పడింది అడుగు మెట్టు బడులల్లనే. ఆ బడి దాటి యూనివర్సిటీకి పోయినోళ్లు తక్కువ.

రాజ్యాంగంల ఉన్నది, తలుపే సరిపోలే

మన రాజ్యాంగం ఆర్టికల్ 28 ప్రకారం పూర్తిగ సర్కారు పైసలతోని నడిచే బడిల మతబోధన ఉండొద్దు. జర్మనీది వేరే తొవ్వ. 1949ల రాసుకున్న వాళ్ల మూల చట్టం ఆర్టికల్ 7 ఏం చెప్తదంటె, సర్కారు బడిల మతబోధన లెక్కలు, సైన్సు లెక్కనే ఒక సబ్జెక్టు. మార్కులుంటయి, టీచరుకు సర్కారే జీతమిస్తది. ఏం చెప్పాలె అనేది మాత్రం ఆయా మత సంఘం సూత్రాల ప్రకారం ఉండాలె. ఎందుకంటె సర్కారు తానే మతాన్ని తయారు చెయ్యొద్దు. హిట్లర్ కాలంల రాజ్యం పిల్లల బుర్రలల్లకు ఎట్ల చొరబడ్డదో చూసినోళ్లు రాసుకున్న రూలు ఇది. ఇష్టం లేని పిల్లను తల్లిదండ్రులు ఆ క్లాసుకెళ్లి తీసేయచ్చు. 14 ఏండ్లు దాటితె మతం సంగతిల నిర్ణయం పిల్లదే అని 1921 కాలం నాటి చట్టం చెప్తది.

చదవంగ మంచిగనే ఉన్నది. మరి ముస్లిం పిల్లలకు ఎందుకు అందలే? ఆ "మత సంఘం" అనే మాట కాడనే చిక్కు పడ్డది. చర్చికి సభ్యుల జాబితా ఉంటది. బిషప్ ఉంటడు. సర్కారే సభ్యుల ఆదాయపు పన్ను మీద 8 లేకుంటె 9 శాతం చర్చి పన్ను వసూలు చేసి చర్చికి ఇస్తది. ఇస్లాంల అట్లాంటిది లేదు. నమాజుకు వచ్చినోడల్లా ముస్లిమే, ఎవలూ రిజిస్టర్ల పేరు రాసుకోరు. అందరి తరఫున సంతకం పెట్టే పెద్ద అంటూ ఒకడుండడు. "మీ తరఫున మాట్లాడేది ఎవరో తేల్చుకొని రాండ్రి" అన్నది సర్కారు. తలుపును చర్చి కొలతకు కట్టి, మసీదును ఆ తలుపులకెళ్లి దూరి రమ్మన్నట్టయింది.

అసలు దూరే వీలే లేదా అంటె, ఉన్నది. 2013ల హెస్సె రాష్ట్రంల అహ్మదీయ జమాత్‌కు చర్చిలకున్న అసొంటి చట్టపరమైన హోదానే ఇచ్చిన్రు. అది చిన్న సమూహం, లోపల కట్టుదిట్టంగ ఉంటది, సభ్యుల లెక్క ఉంటది. లక్షల మంది సున్నీలకు అది కుదరలే. కొంత చట్టం కొలత వల్ల, కొంత సర్కారు అనుమానం వల్ల, కొంత ముస్లిం సంఘాలు తమల తాము పోట్లాడుకునుడు వల్ల. ఇందుల ఏ ఒక్కదాన్నీ దాచిపెట్టొద్దు.

వెనుక వాకిట్ల మసీదు, అంకారా జీతం

బడి ఇయ్యకపోతె తల్లిదండ్రులు ఊకుంటరా? 1970లల్ల మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్లల్ల, ఇండ్ల వెనుక వాకిట్లల్ల, నేలమాళిగలల్ల మసీదులు పెట్టుకున్నరు. షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు తమ కూలీలకెళ్లి తలా ఇంత వేసుకొని కిరాయి కట్టిన్రు. పిల్లలకు ఖురాన్ చదువుడు ఆడ నేర్పిన్రు. ఈ మసీదుల మీద ఎన్ని విమర్శలన్నా చెయ్యండ్రి, ఆ ముసలోళ్ల కష్టాన్ని మాత్రం చిన్న చూపు చూడొద్దు. పరాయి దేశంల తమ పిల్ల తమకు పరాయిది కావద్దని చేసుకున్న ఏర్పాటు అది.

1980ల టర్కీల సైనిక కుట్ర జరిగింది. జర్మనీల మసీదులల్ల తమకు వ్యతిరేకమైన మత పార్టీలు పెరుగుతున్నయని టర్కీ రాజ్యానికి భయం పట్టుకున్నది. 1984ల కొలోన్ కేంద్రంగ దితిబ్ అనే సంస్థ పుట్టింది. టర్కీ సర్కారు మత వ్యవహారాల శాఖ దియానెత్‌కు అది కొమ్మ లెక్క. ఇయ్యాల దానికింద 900 దాక మసీదులున్నయి, జర్మనీల అన్నిట్ల పెద్ద ముస్లిం సంఘం అదే. ఇమాములు టర్కీ సర్కారు ఉద్యోగులు. జీతం అంకారాకెళ్లి వస్తది. కొన్నేండ్లుండి పోతరు. చాలామందికి ఆ దేశం భాష రాదు, ఆడ పుట్టిన పిల్లల గోస తెల్వది.

జర్మనీ సర్కారు అప్పుడు ఏమన్నది? ఏమనలే, సంతోషపడ్డది. పైసా ఖర్చు లేదు, టర్కీ సెక్యులర్ రాజ్యం, ఇంకేం కావాలె అనుకున్నది. తన గడ్డ మీద పుట్టిన పిల్లల మత చదువును ఇంకో రాజ్యానికి గుత్తకిచ్చింది. అంకారాల రాజకీయం మారినంక మాత్రం ఉలిక్కిపడి లేచింది. 2017ల కొందరు దితిబ్ ఇమాములు టర్కీ ప్రతిపక్ష వర్గం మీద సమాచారం పంపిన్రని పోలీసులు ఇండ్లు సోదా చేసిన్రు. ఆ ఏడు ఆఖరుకు కేసు మూసేసిన్రు గని నమ్మకం మాత్రం విరిగింది. 2018ల కొలోన్ పెద్ద మసీదు ప్రారంభానికి ఎర్దోగాన్ వచ్చిండు. దేశమంతా రచ్చ.

2017ల టర్కీ రాజ్యాంగ మార్పు మీద ఓటింగ్ జరిగితె, జర్మనీల ఓటేసిన టర్కీ పౌరులల్ల 63 శాతం ఎర్దోగాన్ వైపే వేసిన్రు. "చూసిన్రా, తినేది ఈడ, పాడేది ఆడి పాట" అన్నరు అక్కడి పెద్దలు. అసలు సంగతి ఏందంటె, ఓటు హక్కు ఉన్న టర్కీ పౌరులల్ల సగం మంది దాక ఓటే వెయ్యలే. ఇంకో సంగతి, 2000 సంవత్సరం దాక జర్మనీ పౌరసత్వం 1913 నాటి రక్త సంబంధం రూలు మీదనే నడిచింది. ఆడనే పుట్టిన పిల్ల కూడ పరదేశీయే. 2000ల చట్టం మారినా, పెద్దయినంక రెండు పాస్‌పోర్టులల్ల ఒకటి వదులుకోమన్నరు. రెండు పౌరసత్వాలు అందరికీ సరే అనుడు 2024 జూన్ దాక కాలే. ఓటు ఇయ్యని దేశం కంటె ఓటు అడిగిన దేశం దగ్గరిదనిపిస్తె తప్పు పిల్లది ఎట్లయితది?

పాఠం వచ్చింది, పంచాయితి కూడ వచ్చింది

2000ల ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు తీర్పుతోని బెర్లిన్ల ఒక ఇస్లామిక్ సంఘానికి బడులల్ల బోధించే హక్కు దొరికింది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం, అంటె మనం మొదట చెప్పుకున్న రూర్ ఉన్న రాష్ట్రం, 1999ల జర్మన్ భాషల ఇస్లాం గురించి చెప్పే క్లాసు ప్రయోగంగ పెట్టింది. మతం గురించి చెప్పుడు వేరు, మతాన్ని నమ్మకంగ బోధించుడు వేరు. అసలైన మతబోధన 2012ల మొదలైంది. ముస్లిం సంఘాలల్ల ఎవరికీ పూర్తి హోదా లేదు గనుక, సంఘాల మనుషులు, సర్కారు నియమించిన మనుషులు కలిసిన ఒక మండలి పెట్టి నడిపిన్రు. టీచరుకు సర్కారు డిగ్రీ ఉండాలె, దానికి తోడు అప్పుడు ఆ మండలి అనుమతి కూడ ఉండాల్సి ఉండె. దాన్ని ఇజాజా అంటరు.

మరి టీచర్లు ఏడికెళ్లి వస్తరు? 2010ల జర్మనీ విజ్ఞాన మండలి సిఫారసు మీద మున్‌స్టర్, ఓస్నాబ్రుక్, ట్యూబింగెన్, ఎర్లాంగెన్, ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలల్ల ఇస్లామిక్ థియాలజీ కేంద్రాలు వచ్చినయి. కేథలిక్, ప్రొటెస్టెంట్ థియాలజీలు ఆ దేశపు యూనివర్సిటీలల్ల వందల ఏండ్ల నుంచి ఉన్నయి. ఇస్లాంకు వచ్చేటాల్లకు ఒప్పందం అయినకెళ్లి యాభై ఏండ్లు పట్టింది.

ఈ క్లాసుల ఒక మంచి పని జరుగుతది. టర్కీ పిల్ల, బోస్నియా పిల్లగాడు, మొరాకో పిల్ల, సిరియా నుంచి మొన్న వచ్చినోడు, సున్నీ, షియా అందరూ ఒక్క రూముల కూసుంటరు. మసీదుల అయితె ఎవల మసీదు వాళ్లది, ఎవల భాష వాళ్లది. ఈడ అందరికీ కలిసే భాష జర్మన్ ఒక్కటే. "మా ఇంట్ల ఇట్ల చేస్తరు, మీ ఇంట్ల ఎందుకట్ల చేస్తరు" అని పిల్లలే అడుగుకుంటరు. ఊరి అలవాటేది, మతమేది అని వేరుచేసి చూసుడు ఆడ మొదలైతది. టర్కోన్ని కాబట్టి ముస్లింను, ముస్లింను కాబట్టి జర్మన్ను కాదు అనే పాత ముడి జర వదులైతది.

పంచాయితి లేకుంటనా అంటె, మస్తు ఉన్నది. మున్‌స్టర్‌ల మొదటి ప్రొఫెసర్ ముహమ్మద్ ప్రవక్త చరిత్రల ఉన్నడా అనే అనుమానం బయటపెట్టిండు. సంఘాలు వ్యతిరేకించినయి. సర్కారు ఆయనను టీచర్లను తయారుచేసే పనికెళ్లి తప్పించింది. తర్వాత వచ్చిన ముహన్నద్ ఖోర్షిదే ఇస్లాం అంటె కరుణ అని పుస్తకం రాస్తె, 2013ల సంఘాలు ఆయన మీదికి కూడ లేచినయి. ఆయన మాత్రం నిలబడ్డడు. హెస్సె రాష్ట్రం 2020ల దితిబ్‌తోని ఒప్పందం ఆపేసింది, కోర్టుల దాక పోయింది, మళ్ల మొదలైంది. బవేరియా ఏ సంఘాన్నీ కలుపుకోకుంట సర్కారీ ఇస్లాం క్లాసు పెట్టుకున్నది.

టీచరు బట్టల మీద కూడ కొట్లాటే. అఫ్ఘానిస్తాన్ల పుట్టి జర్మనీ పౌరురాలైన ఫెరెష్తా లుదిన్, తలకు స్కార్ఫ్ కట్టుకొని పాఠం చెప్తనన్నది. ఉద్యోగం ఇయ్యలే. 2003ల రాజ్యాంగ కోర్టు, చట్టం లేకుంట ఆపరాదు అన్నది. సగం రాష్ట్రాలు అప్పటికప్పుడు చట్టాలు చేసుకున్నయి. మూకుమ్మడి నిషేధం చెల్లదని 2015ల అదే కోర్టు తేల్చింది. బడి ఊడ్చే ఆమె స్కార్ఫ్ కట్టుకుంటె ఎవలకూ ఇబ్బంది లేదు. అదే ఆమె బిడ్డ టీచరయి కట్టుకుంటెనే దేశానికి ఇబ్బంది అయింది. ఈడ మతంతోని పాటు మెట్టు కూడ ఉన్నది, అది గమనించాలె.

ఇంత అయినంక కూడ నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాల ముస్లిం పిల్లలల్ల పదో వంతుకు కూడ ఈ పాఠం అందుతలేదు. టీచర్లు చాలరు, బడులు చాలవు.

డిన్స్‌లాకెన్ చెప్పే సంగతి

"ఇస్లాం పాఠం బడిల పెడితె పిల్లలు తీవ్రవాదం వైపు పోరు" అని రాజకీయ నాయకులు చెప్తుంటరు. ఈ మాట మీద నాకు అనుమానం. లమ్యా కద్దూర్ అనే ఆమె సిరియా తల్లిదండ్రులకు జర్మనీలనే పుట్టింది. 2003 నుంచి డిన్స్‌లాకెన్ అనే ఊర్ల ఇస్లాం క్లాసు చెప్పింది. పిల్లల కోసం జర్మన్ల ఖురాన్ పుస్తకం తెచ్చినోళ్లల్ల ఒకామె. అట్లాంటి టీచరు దగ్గర చదివిన పిల్లలల్లనే ఐదుగురు తర్వాత సిరియా యుద్ధానికి పోయిన్రు. ఆ సంగతిని ఆమె దాచలే, తానే బయట చెప్పుకున్నది. తర్వాత 2021ల పార్లమెంటు మెంబరయింది.

ఆ ఊర్ల లోబెర్గ్ అనే వాడ ఉన్నది. బొగ్గు బావి కోసం పుట్టిన వాడ. 2005 ఆఖరుకు ఆ బావి మూతపడ్డది. తండ్రులకు పని పోయింది, కొడుకులకు పని దొరకలే. ఆ పోరగాండ్లకు "నువ్వు ఎవడివి" అని అడిగి, జవాబు కూడ వాళ్లే చెప్పేటోళ్లు వచ్చి కలిసిన్రు. వారానికి రెండు పీరియడ్ల పాఠం మీద ఊరు ఊరి బరువంతా వేసి, మోస్తలేదని అంటె ఎట్ల?

ఇంకో పక్క చూడండ్రి. 1992ల మ్యోల్న్‌ల, 1993ల సోలింగెన్‌ల టర్కీ కుటుంబాల ఇండ్లు కాలబెట్టి మనుషులను చంపిన్రు. 2000 తర్వాత నాజీ ముఠా ఒకటి వలస కుటుంబాల చిన్న దుకాణదారులను ఒక్కొక్కరిని కాల్చుకుంట పోతె, పోలీసులు ఏండ్ల తరబడి చనిపోయినోళ్ల కుటుంబాలనే అనుమానించిన్రు. 2020ల హానావ్‌ల ఒక జాత్యహంకారి తొమ్మిది మందిని కాల్చి చంపిండు. 2010ల ఒక దేశాధ్యక్షుడు ఇస్లాం కూడ జర్మనీదే అన్నడు. 2018ల ఒక హోంమంత్రి కాదన్నడు. బడిల "నువ్వు ఈ దేశం దానివే" అని చెప్పి, బజార్ల, పోలీసు స్టేషన్ల, కొలువు దగ్గర "కాదు" అంటె పిల్ల ఏది నమ్మాలె?

మరి ఏం కావాలె?

నా లెక్క ప్రకారం ముచ్చట సాదాగనే ఉన్నది. కేథలిక్ పిల్లకు ఏ హక్కు ఉన్నదో ముస్లిం పిల్లకు అదే హక్కు ఉండాలె. పాఠం ఆ దేశపు భాషల, ఆడనే చదువుకున్న టీచరు చెప్పాలె. అంకారా రాసి పంపొద్దు, హోంశాఖ కూడ రాసియ్యొద్దు. పిల్లను అనుమానితురాలిగ చూసి తయారుచేసిన పాఠం ఆ పిల్లకు వెంటనే తెలిసిపోతది. మసీదు కమిటీల మాట వినాలె, అయితె ఆ కమిటీలల్ల లేని తల్లుల మాట, షియాల మాట, నమాజు చెయ్యని ముస్లింల మాట కూడ వినాలె. "నాకు వద్దు" అనే పిల్ల హక్కు కూడ కాపాడాలె.

కొంత కదలిక అయితె ఉన్నది. 2021ల ఓస్నాబ్రుక్‌ల జర్మన్ భాషలనే ఇమాములకు శిక్షణ ఇచ్చే కాలేజీ మొదలైంది. టర్కీకెళ్లి ఇమాములను పంపుడు మెల్లమెల్లగ ఆపి, ఏడాదికి వంద మందిని జర్మనీలనే తయారు చేస్తమని 2023 డిసెంబర్ల ఒప్పుకున్నరు. ఆలస్యమైనా మంచిదే.

మన తెలుగోళ్లు కూడ ఇప్పుడు మ్యూనిక్‌ల, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మస్తుగున్నరు. తెలుగు మర్సిపోవద్దని పిల్లలకు శని, ఆదివారాలు అక్షరాలు దిద్దిపిస్తరు, పండుగలు చేస్తరు. అది చూసి మనం మురుస్తం. "తల్లి భాష, తల్లి సంస్కృతి" అని పేపర్ల రాస్తం. రూర్ ఇలాకల ఒక గని కార్మికుని బిడ్డ ఖురాన్ అక్షరాలు దిద్దితె మాత్రం "కలుస్తలేరు" అంటం. రెండు ఇండ్లల్ల ఉన్న తల్లి భయం ఒక్కటే గద.

పిల్ల దేశంల కలవాలంటె ముందుగాల దేశం పిల్లను తనల కలుపుకోవాలె. మతం పీరియడ్ల ఆ పిల్లకు ఒక రూము, ఒక బల్ల, తన మాట అర్థమయ్యే ఒక టీచరు ఇయ్యుడు పెద్ద ధర్మమేం కాదు. 1949ల రాసుకున్న మాటను 1961ల పిలిచి తెచ్చుకున్నోళ్ల పిల్లలకు కూడ వర్తింపజేసుడు, అంతే.